వైఫై డబ్బాలో ఇంకెవరో

నాలుగూ పదికి వైఫై డబ్బా మీది పచ్చ లైటు ఆరిపోయింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"మళ్ల ఆరింది," అన్నాడు వెస్లీ, కాళ్లు మంచం మీదికి లాక్కుంటూ. "చెప్పిన కదా నీహారికా, అండ్ల ఏదో ఉంది."

నీహారిక నవ్వు ఆపుకుంది. ఆ ఏదో తనే.

ఉప్పుగూడలో ఆ ఇంటి కింది వాటా నీహారిక వాళ్లది, పై వాటా వెస్లీ వాళ్లది. ఇద్దరూ ఆరో తరగతి. ఇంటర్నెట్ పై వాటాలోనే ఉంది. వెస్లీ అక్క స్వీటీ, "మీరు గూడ వాడుకోండి" అని పాస్‌వర్డ్ చెప్పింది.

నిన్న నీహారిక ఆ డబ్బా సెట్టింగుల పేజీ తెరిచింది. అందులో టైము కోసం ఒక గడి ఉంది. ఆ గడిలో ఒక గుర్తు పెట్టి ఏ ఆజ్ఞ రాసినా, ఈ రకం డబ్బా ఎవరు రాశారని అడగకుండా చేసేస్తుందని నెట్ సెంటర్‌లో పనిచేసే ఫణి అన్నయ్య ఒకసారి చెప్పాడు. తయారుచేసిన వాళ్లు వదిలేసిన లోపం అది.

పది నిమిషాలకోసారి ఇంటర్నెట్ ఆపమని నీహారిక రాసింది. నెట్ సెంటర్ నుంచి కూడా డబ్బాను ఆడించాలని, ఇంటి బయటి నుంచి ఆ పేజీ తెరుచుకునేలా చేసే టిక్కు కూడా పెట్టింది. వెస్లీ మొహం చూస్తే భలే సరదాగా ఉంది.

అప్పుడు కంప్యూటర్ ముందు నుంచి స్వీటీ గొంతు వినబడింది.

"మమ్మీ, మళ్ల పోయింది. కాలేజీ పేర్లు పెట్టేది ఐదింటికి బంద్ అయితది. ఒక్కటి గూడ సేవ్ కాలే."

"నెట్ సెంటర్‌కు పోరాదు బిడ్డా," అంది కళావతి ఆంటీ.

"పోయొచ్చిన. లైను గల్లీ దాక ఉంది. ఇయ్యాల పెట్టకుంటే సీటు రాదు."

నీహారిక నవ్వు ఆగిపోయింది. "నేనొకసారి చూడనా అక్కా?" అని కుర్చీలో కూర్చుని, ఎవరూ చూడకుండా తను రాసింది చెరిపేసింది. లైటు వెలిగింది. ఇక ఎవరికీ తెలియదు.

నాలుగున్నరకు లైటు మళ్లీ ఆరింది.

నీహారిక గడి తెరిచింది. అందులో ఒక వరుస ఉంది. తనది కాదు. పొడుగ్గా, ఏవేవో అంకెలతో ఉంది. చెరిపేసింది. లైటు వెలిగింది, ఆరింది. పేజీ మళ్లీ తెరిస్తే ఆ వరుస అక్కడే ఉంది.

తను టిక్కు పెట్టి తెరిచిన దారిలో ఎవరో లోపలికి వచ్చారు. ఏ ఊళ్లో ఉన్నారో తెలియదు. డబ్బా మాత్రం వాళ్ల మాట వింటోంది, నిన్న తన మాట విన్నట్టే.

"ఏమైందో నీకేమన్న సమజైతుందా?" అడిగింది స్వీటీ.

లేదు అంటే చాలు. మెట్లు దిగి వెళ్లిపోవచ్చు.

"అక్కా, ముందు నేనే చేశాను," అంది నీహారిక. టిక్కు సంగతి దాకా అంతా చెప్పింది. "ఇప్పుడు లోపల ఇంకెవరో ఉన్నారు."

"నన్ను మస్తు ఆగం చేసినవ్ పో," అన్నాడు వెస్లీ. ఆంటీ ఏదో అనబోయింది.

"లొల్లి తర్వాత మమ్మీ. ఇప్పుడేం చెయ్యాలె?"

"డబ్బాలోకి వచ్చే ఫోను వైరు పీకెయ్ అక్కా. వెనక చిన్న రంధ్రం ఉంది, పిన్నుతో నొక్కి పట్టుకుంటే అంతా చెరిగిపోతుంది. పాస్‌వర్డ్, అన్నీ కొత్తగా నువ్వే పెట్టుకుని, తర్వాత వైరు పెట్టు. నేను చూడను."

ఆంటీ గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. స్వీటీ నొక్కింది. లైట్లన్నీ ఒక్కసారిగా ఆరాయి. తర్వాత ఒక్కొక్కటే వెలిగాయి.

నీహారిక గోడవైపు తిరిగి నిలబడింది. వెనక కీబోర్డు చప్పుడు చాలాసేపు వినబడింది.

"సేవ్ అయింది," అంది స్వీటీ. ఐదింటికి ఇంకా మూడు నిమిషాలున్నాయి.

నీహారిక మెట్లు దిగింది. ఎదురింటి రుక్మాబాయి వాళ్ల తలుపు తెరిచే ఉంది. లోపల బల్ల మీద అలాంటి డబ్బాయే ఉంది. ఎవరూ దగ్గర లేకపోయినా, ఇందాక పైన జరిగినట్టే దాని పచ్చ లైటు ఆరుతోంది, వెలుగుతోంది, ఆరుతోంది.

నీహారిక గడప దాటలేదు. బయటే నిలబడి తలుపు కొట్టింది.

"ఆంటీ, మీ డబ్బా గురించి ఒక మాట చెప్పాలి. నేను ముట్టుకోను. ఏం చేయాలో చెప్తాను, మీరే చేయండి."