సరిహద్దుకు ఫిల్మ్‌నగర్ గొంతు

"వెబ్‌సైట్ మూయిస్తున్నాం కమలాకర్. సాయంత్రానికి బ్లాకింగ్ ఆర్డర్."

జూబ్లీహిల్స్‌లో బోర్డు లేని గూఢచారి ఆఫీసు. చీఫ్ అచ్యుతరామయ్య టేప్ ఆన్ చేశాడు. మిలిటరీ రేడియోలో రోజూ జవాన్లను పలకరించే అనౌన్సరమ్మ గొంతు: మన సైన్యంలో తిరుగుబాటు వచ్చిందంటోంది. హైదరాబాద్ కుర్రాళ్ల సైట్ ఒకటి దాన్ని నెట్‌లో పెట్టింది. దేశమంతా గగ్గోలు.

"ఆవిడ ఈ మాట అనలేదు. దొంగ టేప్."

"సైట్ బంద్ చేస్తే జనం గదే నిజమనుకుంటరు సార్. దొంగను పట్టి గా సైట్లనే చూపిద్దాం."

"అయితే త్వరగా పట్టు."

ఆచూకీ ఇచ్చింది గీతిక. డబ్బింగ్ ఆర్టిస్టు. విదేశీ ముఠాకూ పనిచేస్తుంది, మనకూ పనిచేస్తుంది. ఎవరి మనిషో ఆమెకే తెలియాలి.

కృష్ణానగర్‌లో ఇన్‌స్పెక్టర్ డ్రెస్ కిరాయికి తీసుకుని, జూనియర్ ఆర్టిస్టులా ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్‌లోకి నడిచాడు కమలాకర్. చెవిలో మినీ రిసీవర్.

"క్లోజప్పా, లాంగ్ షాటా?" మైక్ ముందున్న గీతిక కోడ్ అడిగింది.

"లాంగ్ షాట్. బార్డర్ దాకా."

"టేప్‌లో ఆ అనౌన్సరమ్మ గొంతు నాదేనండీ," గుసగుసలాడింది. "ఇవాళ లైవ్. సరిహద్దు అవతల ట్రాన్స్‌మిటర్ పెట్టారు. మిలిటరీ రేడియో ఫ్రీక్వెన్సీలోనే వినిపిస్తుంది. పోస్టులు వదిలి వెనక్కి రమ్మని జవాన్లకు చెప్పాలట."

"చెప్తవా?"

కమలాకర్ వీపుకు పిస్టల్ తగిలింది. నిర్మాతగా చలామణీ అవుతున్న ముఠా నాయకుడు రామకృష్ణ!

"సైట్ మూసేయండి ఇన్‌స్పెక్టర్ గారూ. మీరు అబద్ధమని అరిచినా ఇక నమ్మేవాడుండడు."

చెవిలో చీఫ్: "ఆర్డర్ సంతకానికి వెళ్లింది!"

ఎర్ర లైటు వెలిగింది. గీతిక మైక్ దగ్గరికి వంగింది.

"జవాన్లారా," హిందీలో మొదలుపెట్టింది. "పోస్టులు వదలకండి. మొన్నటి టేప్ అబద్ధం. ఆ గొంతు నాది. నేను గీతికను."

రామకృష్ణ పిస్టల్ ఆమె వైపు తిప్పాడు. అదే క్షణం కమలాకర్ అతని మోచేతి మీద కొట్టాడు. గుండు తెరను చీల్చింది. కిరాయి డ్రెస్ నడుముకున్నవి సినిమా బేడీలు, పనికిరావు. మైక్ కేబుల్‌తోనే చేతులు కట్టేశాడు.

"జవాన్లు పోస్టులు వదల్లేదు. సంతకం ఆపించాను," చీఫ్ గొంతు తేలికపడింది. "ఆ రికార్డింగ్ సైట్ కుర్రాళ్లకు పంపు."

జీపెక్కుతూ గీతిక నవ్వింది.

"ఇన్నేళ్లు ఎంతమంది హీరోయిన్లకో గొంతిచ్చానండీ. టైటిల్స్‌లో నా పేరు ఎవరూ వెయ్యలేదు. చివరికి నేనే చెప్పుకోవాల్సి వచ్చింది, అదీ శత్రువు ఖర్చుతో!"