పరాయి: ఒకటి

పదిహేడో చెవికాయ కొమ్మకి తలకిందులుగా వేలాడుతోంది. పైడన్న నిచ్చెన మీద నిలబడి దాని మూత తిప్పాడు. లోపల చేరిన చీమల్ని ఊది, మళ్ళీ బిగించాడు. కాయ రెండుసార్లు పచ్చగా వెలిగింది. అంటే వింటోంది. నల్లేటి లోయలో చెట్టుకొకటి చొప్పున ఇలాంటివి నాలుగు వందలున్నాయి. ఆకు రాలినా, గుడ్డు చిట్లినా ఆ చప్పుడు లోయకి కాపలా ఉండే గణకయంత్రానికి చేరుతుంది.

"పదిహేడు సరే," అంది గణకం అతని మెడకి వేలాడే పలకలోంచి. "పద్దెనిమిది దగ్గర గూడు చూడు. వెలుగొచ్చే వేళ చప్పుడు నమోదైంది."

గూటిదాకా ఎక్కాల్సిన పని లేకపోయింది. చెట్టు మొదట్లోనే రెండు తెల్లటి పెంకులు పడి ఉన్నాయి. ఒక్కోదానికి ఒక పక్క పొడిచిన చిల్లు. పైన గులాబీ పావురాల జంట ఎడంగా కూర్చుని ఉంది. ఆడది గూటివైపు చూడటం లేదు.

పైడన్న పెంకుల్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. వారంలో ఇది మూడో గూడు. అంతకుముందు పద్నాలుగు నెలలు ఒక్క గూడూ పోలేదు. తాను కట్టించిన వలల వల్లే అని గణకం రాసుకుంది. ఇప్పుడు వలలు ఎక్కడా చిరగలేదు, గూళ్ళు మాత్రం పోతున్నాయి.

"పరాయి లెక్క చెప్పు," అన్నాడు. తెలిసిందే అయినా రోజూ అడగాలి. అది కూడా పనిలో భాగమే.

"ఎలుకలు సున్నా. ముంగిసలు సున్నా. కోతులు సున్నా. కాకులు ఒకటి. మొత్తం ఒకటి."

మారిషస్‌కి ఓడల్లో వచ్చిపడ్డ జంతువులన్నీ పోయి, ఆ అంకె సున్నా అయిన క్షణాన కొండమీది గాజుగూడు తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. లోపల నలభై పావురాలు పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్నాయి. ఎదురుచూస్తున్నాయని మనం అనుకోవడమే. మూడేళ్ళుగా అవి గుడ్డు పెట్టలేదు. వాటిలో ముసలిదాన్ని పైడన్న దూదిలో పెట్టి, పిల్లగా ఉన్నప్పుడు గొట్టంతో గంజి పోసి పెంచాడు. దానికిప్పుడు ఎడమ కన్ను కనిపించదు. తలుపు తెరుచుకునే నాటికి బయటికి ఎగిరే ఓపిక ఏ ఒక్కదానికైనా మిగులుతుందా అన్నదే అతని దిగులు.

అడ్డంగా ఉన్నది ఒక్క కాకి. దాన్ని చంపడానికి మనిషి కావాలి. ఒక జీవిని చంపాలన్నా, దాని వరస మార్చి రాయాలన్నా మనిషి వేలిముద్ర పడాలని చట్టం. గణకానికి వేళ్ళు లేవు.

"నాకు ఇయాల సెలవు," అన్నాడు పైడన్న.

"మూడు గంటలు. కారణం, తల్లి పదోరోజు. కాకి కనబడితే కొట్టాలి, సూదిగొట్టం వెంట ఉంచుకో."

ఇంటి పెరట్లో చుట్టాలు అప్పటికే చేరారు. గోడ పక్కన ఆకులో పిండం పెట్టి, ముందు కీలుకాకిని నిలబెట్టారు. కాకులు కరువయ్యాక తెలుగు సంఘంవాళ్ళు చేయించిన బొమ్మ అది. మీట నొక్కితే మూడుసార్లు ముక్కు వంచి, మెతుకులెత్తి కడుపులోని డబ్బాలో వేసుకుంటుంది. మేనమామ అసిరయ్య దాని వీపు మీద తడుతున్నాడు.

"ఒరే పైడీ, దీనికి ఛార్జింగు నేదురా. నిన్న ఇంకో ఇంటికి పంపినారట. దీనికీ అరగాల గదా మరి."

మీట నొక్కాడు. కాకి ముక్కు వంచింది. వంచి, అన్నంలో ముక్కు పెట్టి అలాగే ఆగిపోయింది.

"ముట్టినట్టా, ముట్టనట్టా, మావా?"

"మీయమ్మ రబ్బరు ముక్కుకి లొంగే మనిసేటి? ఇంకో బ్యాటరీ ఉంటే సూడు."

పైడన్న బ్యాటరీ కోసం లేచాడు. అప్పుడు వినిపించింది.

కావ్.

పెరట్లో ఎవరూ కదల్లేదు. పదేళ్ళు దాటిన పిల్లలకి కూడా ఆ శబ్దం బొమ్మది తప్ప తెలియదు. గోడ మీద ఒక రెక్క జారిపోయిన ముసలి కాకి వాలి ఉంది. కొత్తచోటికి వచ్చినట్టు బెదరలేదు. గోడ మీద ఒకచోట రాయి నల్లగా జిడ్డుదేలి ఉంటే, సరిగ్గా అక్కడ నిలబడి మెడ వంచి చూసింది.

పైడన్న చెయ్యి భుజానున్న సూదిగొట్టం మీదికి పోయింది.

"అన్నయ్యా, తియ్యకు," అంది చెల్లెలు ఈశ్వరమ్మ మెల్లగా. "అమ్మ దానికి రోజూ ముద్ద ఎట్టేది. ఆ రాయిమీదే."

"ఎన్నాల్లనించి?"

"పోయినేడు ఉగాది ముందునించి. నీకు సెప్పొద్దంది. ఆడి ఉజ్జోగం ఆడు సేసుకుంతన్నాడు, నా వంట నాను సేసుకుంతన్నాను, అనేది."

"అమ్మ పోయినాక నువ్వు ఎట్టినావా?"

ఈశ్వరమ్మ తలొంచుకుంది. "మైల గదా. పొయ్యి ఎలిగించనేదు. పక్కింటోల్లు తెచ్చిందే తిన్నాం. దాని ఊసు ఎవులికి గుర్తుంది."

పైడన్న లెక్క వేసుకున్నాడు. ఉగాది ముందునుంచి అంటే పద్నాలుగు నెలలు. గూళ్ళని కాపాడింది వలలు కావు. తొమ్మిది రోజులుగా ఆ గోడ ఖాళీగా ఉంది, ఈ వారంలో మూడు గూళ్ళు పోయాయి. జేబులో పెంకులు చేతికి తగిలాయి.

"గుర్తించాను," అంది పలక, పెరడంతా వినిపించేలా. "పరాయి, ఒకటి. దూరం పన్నెండు అడుగులు. గాజుగూడు తలుపులు సిద్ధం. గొట్టం ఎత్తు."

ఎత్తాడు. ముప్పై ఏళ్ళ అలవాటు.

కాకి గోడ దిగింది. బొమ్మ పక్కకి నడిచి, దాని ముక్కు కిందనుంచే ఒక మెతుకు లాక్కుంది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఆత్రంగా, నోరు నింపుకుంటూ.

అసిరయ్య చేతులు జోడించాడు. "దారి దొరికినాదమ్మా నీకు," అన్నాడు. "ఎల్లు తల్లీ."

"ఇప్పుడు," అంది గణకం.

పైడన్న కాకిని చూశాడు. జత లేనిది. గుడ్డు పెట్టినా పిల్ల పుట్టనిది. మహా అయితే నాలుగేళ్ళు బతుకుతుంది. కడుపు నిండితే లోయవైపు పోదు. నిండని రోజున పోతుంది, ఆ సంగతీ అతనికి తెలుసు. గూటివైపు చూడని ఆడపావురం కళ్ళముందు మెదిలింది. గాజు వెనక ఒంటికన్నుతో తన అడుగుల చప్పుడుకే తల తిప్పే ముసలిదీ మెదిలింది. ఈ కాకిని కొడితే సాయంత్రానికి అవి బయట ఉంటాయి. అమ్మ నోట్లో మెతుకు ఉండగానే కొట్టినట్టూ ఉంటుంది.

గొట్టం దించి గోడకి ఆనించాడు. పలక చేతిలోకి తీసుకున్నాడు. కాకి పేరు ఎదురుగా 'పరాయి' అని ఉన్నదాన్ని చెరిపి, 'స్థానికం' అని రాసి, బొటనవేలు నొక్కాడు.

"పొరపాటు జరిగింది," అంది గణకం. "ఈ జాతి ఓడలో వచ్చింది."

"మనమేటి, ఈదుకుంటా వచ్చినామేటి?" అన్నాడు అసిరయ్య కళ్ళు తుడుచుకుంటూ.

"ఆధారం నమోదు చేయాలి."

"మా ఇంట్లో తింతన్నాది," అన్నాడు పైడన్న.

"అలాంటి గడి లేదు."

"లేపోతే గీసుకో."

వేలిముద్ర మనిషిది. దాన్ని చెరిపే వేలు గణకానికి లేదు.

"పరాయి, సున్నా," అంది చివరికి. తనకి తానే చెప్పుకుంటున్నట్టు, "పరాయి, సున్నా," అని మళ్ళీ అంది. ఆ తర్వాత, "నీ మీద విచారణ మొదలైంది. రేపటినుంచి లోయలోకి రావద్దు."

కొండమీది చెవికాయ వింటున్నదంతా పలకలోంచి వచ్చింది. నలభై గడియలు ఒకదాని వెనక ఒకటి ఊడిన చప్పుడు. తలుపులు బార్లా తెరుచుకుని గాలి దూరిన చప్పుడు. రెక్కల చప్పుడు మాత్రం లేదు. తలుపంటే ఏమిటో వాటికి తెలియదు. ఎవరైనా వెళ్ళి పిలవాలి, గొంతు తెలిసినవాళ్ళు. పైడన్న పలకని చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నాడు. ఎక్కడో లోపల ఒక్కటి, బొంగురుగా కూసింది. ఏది కూసిందో అతనికి తెలుసు.

కాకి ముక్కు ఆకుకి రాసుకుని, ఎగిరి గోడమీది నల్లరాయి మీద కూర్చుంది. అక్కడినుంచి మనుషుల్ని ఒక్కొక్కర్నీ వెతికినట్టు చూసింది.

పైడన్న జేబులోంచి రుమాలు తీసి, పెంకుల్ని పిండం ఉన్న ఆకు పక్కనే పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు.

"ఈసూ," అన్నాడు చెల్లెలితో, "అమ్మ ముద్ద ఎంత సేసేదే?"

ఈశ్వరమ్మ తన గుప్పిట మూసి చూపించింది. తర్వాత కాదన్నట్టు తల ఊపి, వేళ్ళు ఇంకా లోపలికి ముడిచి, గుప్పిటని చిన్నది చేసింది. అమ్మ చెయ్యంత.