గోపన్‌పల్లి గోతిలో గూఢచారి

కాంక్రీటు దిమ్మెల బలం పరీక్షించే మెషిన్‌లో సైంటిస్ట్ చెన్నకేశవులు తల దొరికింది. లారీలను మోస్తూ వాననీటిని తాగే కాంక్రీటును కనిపెట్టిన తల అది. డయల్ మీద రీడింగ్ కూడా ఉంది. పరీక్షలో ఫెయిల్.

"గది మామూలు కాంక్రీట్ గాదు, స్టీఫెన్," అన్నాడు గూఢచారి సంస్థ చీఫ్ ఇస్సాకు, హైటెక్ సిటీ ఆఫీసులో బ్లైండ్స్ దించుతూ. "దాంట్ల తేలికైన మట్టి గుళికలు కాల్చి కలుపుతరు. ఎక్కువైతే నీళ్లు దిగుతయి, లారీ గూడ దిగబడ్తది. తక్కువైతే లారీ నిలబడ్తది, నీళ్లు గూడ నిలబడ్తయి. సరైన పాళ్లు గోపన్‌పల్లి ఐటీ పార్క్ సెల్లార్ లాకర్‌ల ఉన్నయి. ఫారిన్ గ్యాంగ్ కన్ను దానిమీదనే. లాకర్ కోడ్ వర్డ్ నీకొక్కనికే చెప్తున్న."

"అక్కడ మన మనిషెవరు సార్?"

"రసజ్ఞ. ఫికర్ చెయ్యకు."

చెయ్యాల్సింది. సైట్ ఇంజినీర్ వేషంలో, హెల్మెట్‌లో కెమెరాతో వెళ్లిన స్టీఫెన్ ముఖాన రసజ్ఞ నవ్వుతూ సెంటు కొట్టింది. సెంటు కాదది, సెంట్ పర్సెంట్ మత్తు.

కళ్లు తెరిచేసరికి చేతులు కట్టేసి ఉన్నాయి. పార్కు ముందు పరిచిన ఆ కొత్త కాంక్రీటు కిందే, వాననీరు చేరే గోతిలో పడి ఉన్నాడు. నీళ్లు బయటికి పోయే గొట్టం మూసేశారు. ఇయర్‌పీస్‌లో రసజ్ఞ గొంతు.

"మీ కాంక్రీటు ఎంత మంచిదైతే నువ్వంత త్వరగా మునుగుతావ్, డార్లింగ్. లిఫ్టులో సెల్లార్‌కి వెళ్తున్నా. కోడ్ వర్డ్ చెప్పు, గోతి మూత తీయిస్తా."

పైన ఉరిమింది. వాన దంచింది. స్టీఫెన్ ప్రార్థన మొదలుపెట్టి ఆమెన్ దాకా వచ్చాడు. ఒక్క చుక్క పడలేదు. గొంతు చించుకుని అరిచాడు.

జానెడు గట్టు మీదున్న మూత లేచింది. గొడుగు కింద పార్క్ మేనేజర్ యజ్ఞనారాయణ. "ఎవరండీ? ఇనాగరేషన్ టైములో ఈ కేకలేంటండీ?"

"నీళ్లెందుకు దిగలేదు?" కట్లు విప్పించుకుంటూ అడిగాడు స్టీఫెన్.

"అట్టు మీదున్నట్టు అన్నీ బొక్కలేనండీ! చీఫ్ గెస్టు గారు చూస్తే ఏం బాగుంటుందండీ? పొద్దున్నే సిమెంటు పూయించి నున్నగా చేయించాను."

దారిలేని నీళ్లు సెల్లార్‌లోకి దిగే ర్యాంప్ పట్టాయి. ఇయర్‌పీస్ కీచుమంది. "స్టీఫెన్! కరెంట్ పోయింది. లిఫ్ట్ సెల్లార్‌లో ఇరుక్కుంది. నీళ్లు నడుం దాకా వచ్చాయి!"

"ఆ పాళ్లు కొనే గ్యాంగెక్కడ?"

"ముందు కాపాడు!"

"తొందరేముంది? నాకిక్కడ గొడుగు కింద పొడిగానే ఉంది."

"చందానగర్ మార్కెట్... తెల్ల వ్యాన్... నీళ్లు మెడ దాకా..."

స్టీఫెన్ యజ్ఞనారాయణ చేతిలో ఫోన్ లాక్కుని ఇస్సాకుకు చెప్పాడు. వ్యాన్ ముంబై హైవే ఎక్కబోతుండగా ఇస్సాకు మనుషుల తూటాలకు టైర్లు పేలాయి. గ్యాంగ్ దొరికింది.

అప్పుడు స్టీఫెన్ గొట్టం తెరిచి, గడ్డపార అందుకున్నాడు. ఆ పూత పగిలితే నీళ్లు గోతిలోకి పోతాయి, రసజ్ఞ బతుకుతుంది.

యజ్ఞనారాయణ చేతులు చాచి అడ్డం నిలిచాడు. "ఆగండాగండి! ఇంకా రిబ్బనే కత్తిరించలేదండీ!"

"కింద లిఫ్టులో మనిషి చచ్చిపోతోంది."

"ఆవిడ పేరు ఇన్విటేషన్‌లో లేదండీ."

స్టీఫెన్ అంతకంటే గట్టిగా వాదించలేదు. ఇయర్‌పీస్‌లో బుడగల చప్పుడు. కాసేపటికి అదీ లేదు.

ఇస్సాకు ఫోన్ చేశాడు. "నీళ్లు దిగినయా?"

"ఇంకా లేదు సార్," అన్నాడు స్టీఫెన్, చీలమండలోతు నీళ్లలో నిలబడి. "ముందు చీఫ్ గెస్టు కారు దిగాలి. కొత్త బూట్లట, దిగనంటున్నాడు."