అమ్మీ చేతి బాదంపాలు

పంజాగుట్ట ఫ్లైఓవర్ వాహనాలతో నిండకముందే ఒవైస్ సాధన ముగించుకుని అమీర్‌పేటలోని ఇంటికొచ్చేశాడు. రేసు సైకిల్‌ను గోడకు ఆనించి, "లుబ్నా, నాస్తా" అని కేకేశాడు.

వంటింట్లో ఖీమా వేయిస్తున్న అతని తల్లి ఫఖ్రున్నీసాకు కడుపు మండింది. పెళ్లికి ముందు ఆ కేక తనకోసం ఉండేది. ఇప్పుడు అన్నిటికీ పెళ్లాం పేరే. కోడలు లుబ్నా పంజాగుట్టలో ఓ ఆస్పత్రిలో డైటీషియన్. రోగులకు చెప్పే పథ్యాలు చాలవన్నట్టు మొగుడికీ ఓట్స్ తూచి, గుడ్డులో పచ్చసొన తీసేసి పెడుతుంది. డబ్బా మీద రాసినదంతా చదవకుండా ఏదీ అతని నోటి దాకా పోనివ్వదు. తల్లి వండిన ఖిచిడీ-ఖీమా మాత్రం వారానికి ఒక్క పూట, అదీ గరిటెడు. కన్నకొడుక్కి కడుపునిండా పెట్టడానికి కోడలి అనుమతి కావాలా అని ఆవిడ లోలోపల కుతకుతలాడిపోయేది.

మిగిలింది పొద్దుటి బాదంపాలొక్కటే. లుబ్నా దాని జోలికి రాలేదు. అందుకే ఫఖ్రున్నీసా మాసబ్ ట్యాంక్ దగ్గర సందులో ఒక యునానీ హకీం అమ్మే మాజూన్ తెచ్చి, ఆ నల్లటి లేహ్యాన్ని రోజూ చెంచాడు పాలల్లో కలిపేది. బలానికని చెప్పాడతను. ఒవైస్ రాష్ట్ర పోటీల్లో మొదటివాడిగా వచ్చినప్పుడు ఇంట్లో అందరూ కోడలిని మెచ్చుకుంటుంటే, గెలిచింది నా మాజూన్, నీ త్రాసు కాదు అనుకుని ఎంత మురిసిపోయిందో. ఇక జాతీయ జట్టులో చోటు దొరికితే చాలు, వెంటే రైల్వే ఉద్యోగం కూడా వస్తుంది.

నాస్తా ముగియకముందే కోచ్ రాఘవేందర్ వచ్చాడు. టీ వద్దన్నాడు, కూర్చోనూ లేదు. రాష్ట్ర పోటీలప్పుడు పరీక్షకు తీసుకున్న ఒవైస్ మూత్రంలో నిషేధించిన స్టెరాయిడ్ దొరికిందట. విచారణ తేలేదాకా ఆటకు దూరం పెట్టారట.

"సూది గిట్ల ఏసుకున్నవా? నాకు సచ్ చెప్పు."

"అమ్మీ కసమ్ సార్. నేనేం తీసుకోలే." అన్నాడు ఒవైస్. "మొన్ననే వేరే జట్టు పోరగాళ్లిద్దరు దొరికిండ్రు. ఇప్పుడు నేను. ఇగ సైకిల్ మీద గెలిచినోనికి చప్పట్లెవరు కొడ్తరు సార్? ఏం మందు తిన్నవురా అనే అడుగుతరు."

అంత దుఃఖంలోనూ ఫఖ్రున్నీసా చూపు కోడలి డబ్బాల మీదికే పోయింది. "దుల్హన్ తెచ్చే గా పౌడర్లే. నేను ముందే అనుకున్న" అంది. అంటుంటే మనసు తేలికపడింది కూడా.

లుబ్నా ఆ డబ్బాలన్నీ తెచ్చి కోచ్ ముందు పెట్టింది. ప్రతి డబ్బానూ పరీక్ష చేయించిన తర్వాతే వాడుతున్నానని కోచ్‌కు నెమ్మదిగా వివరించింది. ఎవరు పెట్టినా ఒంట్లో దొరికితే బాధ్యత ఆటగాడిదేననీ, తెలియక తిన్నాడని రుజువైతే శిక్ష కొంత తగ్గొచ్చనీ అతనన్నాడు.

"అయితే నేనే ఇచ్చిన అని రాసుకోండి సార్" అంది లుబ్నా.

"నీ నౌకరీ పోతది బిడ్డా."

"పోనీయండి."

అప్పుడు కూడా ఫఖ్రున్నీసాకు కలిగింది అసూయే. కొడుకు కోసం నష్టపోయే భాగ్యం కూడా ఈ పిల్లకేనా?

అబద్ధం విచారణలో నిలవదన్నాడు రాఘవేందర్. "పౌడర్లే గాదు, బలం మందులని అమ్మే లేహ్యాలల్ల సుత స్టెరాయిడ్ కలుపుతున్నరు. యాది చేసుకో. నువ్వు చూడనిది ఏమన్న తిన్నడా?"

"లేదు సార్. అమ్మీ ఇచ్చే బాదంపాలొక్కటే నేను చూడలే. తల్లి చేతిది, దాన్ని చూసుడేంది?"

  ఫఖ్రున్నీసా లోపలికెళ్లి, బియ్యం డబ్బా వెనక దాచిన మాజూన్ సీసా తెచ్చి కోచ్ చేతిలో పెట్టింది.

ఒవైస్ సీసాను చూశాడు, తల్లిని చూశాడు. "తెలియక ఇచ్చినవ్, సరే. మరి లుబ్నా మీదికెందుకు నెట్టినవ్ అమ్మీ?" అని, జవాబు కోసం ఆగకుండా బయటికి వెళ్లిపోయాడు. వాణ్ని చూసుకోవాలని రాఘవేందర్ కూడా వెనకే వెళ్లాడు.

అత్తాకోడళ్లు మిగిలారు. విచారణలో ఈ సంగతి అమ్మీయే తన నోటితో చెప్పాలని, తోడుగా తనూ వస్తానని లుబ్నా అంది. ఆ తర్వాత, "ఎందుకిచ్చిండ్రని అడుగుతరు అమ్మీ. ఏం చెప్తరు?" అంది.

కొడుకు బలం కోసమంటే ఎవరైనా నమ్ముతారు. తల్లి ప్రేమ అని జాలిపడతారు కూడా. ఫఖ్రున్నీసా ఆ మాట నాలుక దాకా తెచ్చుకుని మింగేసింది.

"కుళ్లుతోని ఇచ్చిన అని చెప్త. నువ్వొచ్చినంక వాడు నీ చేతి మీద బతుకుతుండు. అది నేను ఓర్వలే దుల్హన్."

అంతసేపూ నిబ్బరంగా ఉన్న లుబ్నా ఒక్కసారిగా కుమిలిపోయింది. ఫఖ్రున్నీసా భయపడుతూ చెయ్యి చాపింది. ఆ పిల్ల తోసెయ్యలేదు. ఈ ఇంటికొచ్చాక మొదటిసారి, అత్త భుజం మీద తల పెట్టి ఏడ్చింది.