నీలం గీత కింద పేరు

ఎస్తేరమ్మ 'ఆమేన్' అంటే ఆషామాషీ ఆమేన్ కాదు. ఉదయగిరి కొండకు తగిలి, వరికుంటపాడు దాకా పోయి, అక్కడ మేస్తున్న గొడ్లను బెదరగొట్టి తిరిగొచ్చే ఆమేన్. కొండ కిందున్న ఆమె పల్లె చర్చికి ఇన్నేళ్లుగా మైకు కొనలేదంటే ఆమె గొంతు ఉందన్న ధీమాతోనే.

ఆ గొంతుకు అసలు పని శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పడేది. పల్లె నుంచి మిలిటరీకి పోయిన బిడ్డలు తొమ్మిది మంది. రిటైరైన అయ్యవారు, సంఘపెద్ద శీనయ్య నోటుబుక్కులోంచి ఒక్కో పేరూ చదివేవాడు. ఆ బిడ్డ తల్లి లేచి 'ఆమేన్' అనేది. మనం ఇక్కడ ఫ్యాను కింద గురకపెడుతున్నామంటే, వాళ్లక్కడ మంచులో మేలుకొని ఉండబట్టే కదా! ఆ మేలు మరవకుండా ఉండటానికి పల్లెకు తెలిసిన దారి అదొక్కటే.

ఫిబ్రవరిలో ఆ తొమ్మిది మందిలో ఒకడు, రెబెకమ్మ కొడుకు, ఎస్తేరమ్మను అత్తా అని పిలిచే డేవిడ్‌రాజు, మంచుచరియ కింద పోయాడు. జెండా కప్పిన పెట్టె వచ్చిన రోజు ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా జనం, జనం, జనం! చల్లిన బంతిపూల మీద బస్సుల టైర్లు జారాయి. 'అమర్ రహే' అన్న కేకకు కొండమీది కోతులు కిందికి దిగొచ్చి వరసగా కూర్చున్నాయి.

మే నెల వచ్చేసరికి నోటుబుక్కులో ఆ పేరు మీద నీలం గీత పడింది. గీయించింది ఎస్తేరమ్మే.

"చచ్చిపోయినోళ్లకు ప్రార్థన చెయ్యగూడదని పాస్టరుగారే చెప్పె గదా అయ్యవారూ!" అని శీనయ్యను నిలదీసింది. అసలు సంగతి అది కాదు. డేవిడ్‌రాజు పేరు కిందనే ఆమె కొడుకు జయపాల్ పేరు. ఇద్దరిదీ మంచుకొండల్లో ఒకటే పోస్టు. చావు ఒక్క వరస కిందికి జారితే?

రెబెకమ్మ గొడవ పడలేదు. ఒక్క మాటే అంది.

"పిలిస్తే పలికే బిడ్డ వదినా వాడు. పిలవకపోతే యాడికి పోతాడు?"

గీత పడ్డ తర్వాతి శుక్రవారానికి జయపాల్ ఫోను చేసి ఆరు రోజులు. ఎస్తేరమ్మకు శుక్రవారం ఉపవాసం పేరుకే, ఆ ఆరు రోజులూ ముద్ద దిగనేలేదు.

మధ్యాహ్నం రెండు గంటలకు కొండ మీంచి నల్లమబ్బు దిగింది. కరెంటు పోయింది. పక్కనున్న మనిషి మొహం కనపడనంత చీకటి. బయట కాలిన మట్టి వాసన, గాలి లేదు, ఆకు కదల్లేదు. లోపల మాత్రం... చలి. ముందు అరికాళ్లకు తగిలింది. తర్వాత మోకాళ్లకు పాకింది. మే నెలలో, ఉదయగిరిలో, చలి! కిరసనాయిలు పొగ వాసన. తడిసిన ఉన్ని వాసన.

ఖాళీగా ఉన్న వెనక బెంచీ కిర్రుమంది.

"అయ్యవారూ, బిన్నా కానీండి, ఆలస్యం చెయ్యబాకండి," అని ఒకామె గొణిగింది.

"ఏందమ్మా, చలేస్తా ఉండాదా? కంబళి తెప్పించేదా?" అన్నాడు శీనయ్య. ఎవరూ నవ్వలేదు. వెలిగించిన సెల్లు వెలుతురులో ఆయన నోట్లోంచి ఆవిరి వస్తోంది.

ఆ వెలుతురులోనే చదివాడు. పేరు... ఆమేన్. పేరు... ఆమేన్. నీలం గీతను దాటాడు.

"జయపాల్."

ఎస్తేరమ్మ లేచింది. నోరు తెరిచింది. కొండను కదిలించే ఆ గొంతులోంచి... ఊపిరి కూడా రాలేదు.

వెనక, బూట్లు రెండూ ఠప్పున కలిసిన చప్పుడు.

"హాజిర్, సాబ్."

డేవిడ్‌రాజు గొంతు. అందరూ గుర్తుపట్టారు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు.

"వాడి పేరు చదవండయ్యా," ఎస్తేరమ్మ గుసగుసలాడింది. "తప్పు నాది... వాడి పేరుకు వాణ్ని పలకనీండి..."

శీనయ్య గీత కింద వెతుక్కుని చదివాడు. "డేవిడ్‌రాజు."

మళ్లీ పిలిచాడు.

"డేవిడ్‌రాజూ... నాయనా..."

ఎవరూ పలకలేదు. ఆయన వేలు కింది పేరు మీదికి దిగింది.

"జయ... పాల్."

"హాజిర్, సాబ్."

ఈసారి రెండు బెంచీలు దగ్గరగా.

సెల్లు వెలుతురులో ఎస్తేరమ్మ పక్కకు చూసింది. రెబెకమ్మ ఏడవడం లేదు. అరచెయ్యి తెరిచి, దేన్నో ఇమ్మన్నట్టు, ఆమె వైపు చాపి ఉంది.

అప్పుడు మోగింది ఎస్తేరమ్మ సంచిలో ఫోను. జయపాల్ నంబరు.

"నాయనా! బాగుండావా?"

"బాగుండాను." జయపాల్ గొంతే. కన్నతల్లి పొరబడే గొంతు కాదు. వెనకాల గాలి ఈల వేస్తోంది. "డ్యూటీ మార్చుకున్నాము. ఇప్పుడే కిందికి దిగొచ్చినా."

"ఎవురితో మార్చుకున్నావు రా?"

గాలి... ఒట్టి గాలి.

"మా అమ్మకియ్యి ఫోను."

"నేనే నాయనా... అమ్మని..."

"నువ్వు కాదత్తా."

రెబెకమ్మ చెయ్యి ఇంకా చాపే ఉంది.