రేగళ్లగూడెం రాయి దగ్గర నీళ్ల చప్పుడు

కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే దారిలో, పొద్దుగూకినంక ఎవరూ బండి ఆపని జాగా ఒకటుంది. ఎంత మొనగాడైనా సరే, అక్కడికొచ్చేసరికి గట్టిగా హారన్ కొట్టి, దేవుడి పేరు నాలుక మీద పెట్టుకుంటాడు.

అక్కడుండేది సర్కారు పాతించిన నల్లరాతి పలక. "మూడు వేల ఏండ్ల క్రితం ఇక్కడ మానవులు నివసించారు" అని బంగారు రంగు అక్షరాలు. చుట్టూ ఇనుప కంచె, పక్కన వాచ్‌మన్ రేకుల షెడ్డు. ఆ నివసించినోళ్లలో ఒకామె ఇంకా ఖాళీ చెయ్యలేదని జనం మాట! రాత్రయితే నీళ్లు పోస్తున్న చప్పుడు... అక్కడేమో నల్లా లేదు, బోరు లేదు. ఆ వెంటనే ఆడగొంతు ఒక్కొక్క ఇంటిపేరే పిలుస్తుందట — మెల్లగా, బళ్లో హాజరు పిలిచినట్టు. మీ ఇంటిపేరు వచ్చిందా... ఇక మీరు ఖతం.

పాపం, ఆ పలకకు ఎదురుగానే మహిపాల్ దాబా. లారీలు ఆగేదే రాత్రి. ఆ లారీలే ఆగడం మానేశాయి. ఆ రోజు ఎట్లనో తిరుమలగిరి పత్తి లోడుతో డ్రైవర్ ధర్మా ఒక్కడు వచ్చాడు. వాడూ తినేది రొట్టె, చూసేది రోడ్డు అవతలికి.

"నెలాఖరుదాంక సూస్త," అంది మహిపాల్ పెళ్లాం అశ్విని, పెనం మీద రొట్టె తిప్పుతూ. "గిరాకీ గిట్లనే ఉంటె దాబా ఎత్తేసుడే. నిడమనూరు పోయి నేను నాట్లేస్త, నువ్వు నారు మొయ్యి."

"గా దెయ్యం సంగతి ఇయ్యాలనే తేల్చేస్త," అన్నాడు మహిపాల్.

"తేల్చు. జర మంచిగ మాట్లాడు దానితోని. నాతోని మాట్లాడినట్టు మాట్లాడితె జడుసుకుంటది."

ధర్మా నవ్వలేదు. "పోకన్నా... నీ ఇంటిపేరు పిలిస్తె?"

అప్పుడే వినబడింది. బొళ... బొళ... బొళ...

మహిపాల్ టార్చి పట్టుకుని రోడ్డు దాటాడు. కాళ్లు ముందుకు, ప్రాణం వెనక్కి. కంచె దగ్గరికి వచ్చేసరికి గుసగుస —

"మేకలోరు... సిలివేరోళ్లు... కొండేటోరు..."

పలక అడుగున తెల్లగా ఏదో వంగి ఉంది. జుట్టు నేలను తాకుతోంది.

టార్చి వేశాడు.

ముసలామె. పక్కన ప్లాస్టిక్ బిందె, చేతిలో చెంబు.

"లైటు బంజెయ్ బిడ్డా," అంది. "షెడ్డులున్న వాచ్‌మన్‌కు మనిషని తెలుస్తది."

"ఎవరవ్వా నువ్వు?"

"ఉప్పలమ్మను. గీడిదాన్నే. మా రేగళ్లగూడెం గీడనే ఉండె." పలక మొదలు తడిమింది. "దీని కిందనే మా బొడ్రాయి. ఊరు కట్టిన్నాడు పెద్దలు పాతిన రాయి. రోడ్డుకని ఇండ్లు కూలగొట్టిండ్రు. రాయి తీసుకుంటమంటె ఆగక సిమెంటు పోసిండ్రు. అది ఎండొద్దు బిడ్డా... ఇంటింటి పేరున చెంబెడు పొయ్యాలె. అందరు సూర్యాపేటకొకరు, కోదాడకొకరు పోయిండ్రు. అందరి నీళ్లు నేనే పోస్తున్న."

"పగలు రావొచ్చు గదా?"

"వస్తె వాచ్‌మన్ కర్ర తీసిండు. పాతకాలపు జాగనట, ముట్టొద్దట." ఆమె నవ్వింది. "మేం సాలినంత పాతోళ్లం గామట."

మహిపాల్ టార్చికి చెయ్యి అడ్డంపెట్టి, వేళ్ల సందున కొంచెం వెలుతురు వదిలి పలక చదివాడు. కుండపెంకులున్నాయి, పూసలున్నాయి, ఎముకలు కూడా ఉన్నాయి. రేగళ్లగూడెం అన్న మాట మాత్రం ఎక్కడా లేదు.

రోడ్డు అవతలి నుంచి ధర్మా అరిచాడు. "అన్నా! ఎవరే?"

'ముసలామెరా' అంటే చాలు. తెల్లారేసరికి ధర్మా ఈ దారి పొడుగునా చెప్తాడు. రాత్రికి దాబా ముందు లారీలు వరస కడతాయి. వాచ్‌మన్ చెవినా పడుతుంది... దెయ్యమనుకుంటే గడియ పెట్టుకుని పడుకుంటాడు. మనిషని తెలిస్తే కర్రతో వస్తాడు.

"ఇంక ఎన్నిండ్లున్నయవ్వా?"

"సగం గాలె బిడ్డా."

మహిపాల్ టార్చి ఆర్పాడు. జుట్టు చెరుపుకున్నాడు. ఒక చెప్పు అక్కడే వదిలేసి రోడ్డుకు అడ్డంపడి ఉరికాడు —

"అశ్వినీ! దెయ్యమే! నా ఇంటిపేరే పిలిచిందే!"

ధర్మా చెయ్యి కూడా కడుక్కోలేదు. లారీ ఎర్ర లైట్లు మలుపు తిరిగి మాయమయ్యాయి.

అశ్విని మొగుడి ముఖంలోకి చూసింది. అందులో భయమే లేదు.

పెనం దించి, పొయ్యి ఆర్పింది.