పక్క తిప్పని పదకొండు రోజులు

రోగుల శయ్య చెంతకు పిలువకుండానే విచ్చేసే వైద్యనాథా! ముందుగా నీకు నమస్కరించి, ఆపైననే ఈ కథకు నోరు తెరుస్తున్నాను.

రోగి పక్క నిలిచి రొదలేక సేవించు
కరమునందు మెలగు కరుణ నీవె
కన్ను చెమ్మగిల్లి కానరానపుడును
దారి చూపుమయ్య ధర్మమూర్తి!

తెల్లవారి చాలాసేపయింది. పొయ్యి మీద గంజి ఉడుకుతోంది. గిన్నె పక్కనే గరిటె పట్టుకుని నిలబడిన ఇల్లాలి దృష్టి మాత్రం గంజి మీద లేదు. ఆమె చెవులు రెండూ ముందుగదిలోనే ఉన్నాయి. ముప్పయ్యొక్క సంవత్సరాలు ఆసుపత్రి వార్డులో పనిచేసి, నాలుగేళ్ళ క్రితం విరమించిన మనిషి ఆమె. ఊరందరికీ ఆమె "పెద్ద సిస్టరు". ఎవరి పిల్లకు సూది వేసిందో, ఎవరి తండ్రి కడసారి శ్వాసకు చెయ్యి ఆసరా ఇచ్చిందో ఆమెకు గుర్తుండకపోవచ్చును గాని, వాళ్ళకు గుర్తుంది. వీధిలో ఎదురైతే చేతులు జోడిస్తారు.

ముందుగదిలో మంచం మీద ఆమె భర్త ఉన్నాడు. కుట్టుపనిలో ఊరికి పేరెన్నికగన్న దర్జీ. ఐదు నెలల క్రితం, మిషను మీద కోటు చేతిని అతుకుతూ అతుకుతూ కుడివైపుకు ఒరిగిపోయాడు. పక్షవాతం. అది మొదలు కుడి కాలూ చెయ్యీ ఆయన మాట వినడం మానేశాయి. నోటి మాట ముద్దగా వస్తుంది. ఎడమచెయ్యి ఒక్కటే ఆయనకు మిగిలిన ఆస్తి.

కూతురు నిన్న సాయంత్రమే తిరిగివచ్చింది. ఆమె కూడా నర్సే. అత్యవసర వార్డులో పని నేర్చుకోవడానికి పద్నాలుగు రోజులు వేరే ఊరు పంపారు. వచ్చేటప్పటికి తండ్రి నిద్రపోతున్నాడు. "ఇప్పుడే పక్క తిప్పాను, లేపకు" అన్నది తల్లి. నమ్మి పడుకున్నది.

"లేచిందమ్మా గడియారం!" అని మేనత్త గొంతు మోగింది. అన్నగారికి జబ్బు చేసినప్పటినుంచీ ఆవిడ పగలంతా ఈ ఇంట్లోనే ఉంటుంది. మేనకోడలికి ఆ పేరు పెట్టింది ఆవిడే. "ఇక మనం ఆవులించాలన్నా టైము చూసుకోవాలి, వదినా!"

"ఆవులించు అత్తా, కానీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకో. పక్కన రోగి ఉన్నాడు" అన్నది కూతురు.

"చూశావా? నాకూ ఓ చార్టు రాసిపెడుతుంది ఇది!"

చార్టన్న మాటకు ఇల్లాలి చేతిలోని గరిటె గిన్నెకు తగిలి టంగుమన్నది.

మంచానికి ఎదురుగా గోడ మీద ఆ చార్టు ఉంది. కదలలేని రోగిని రెండేసి గంటలకు ఒకసారి తిప్పాలి. ఒకసారి కుడి పక్క, ఒకసారి వెల్లకిలా, ఒకసారి ఎడమ పక్క. తిప్పకపోతే ఎముక మీది చర్మం రక్తం అందక చస్తుంది, పుండవుతుంది. ఆ గళ్ళు గీసి గోడకు అంటించింది కూతురే. తిప్పిన ప్రతిసారీ ఎదుటి గడిలో సంతకం చెయ్యాలి. పద్నాలుగు రోజుల గళ్ళూ తల్లి సంతకాలతో నిండుగా ఉన్నాయి.

కూతురు చార్టు చదివింది. తండ్రి ముఖం చూసింది. మళ్ళీ చార్టు చూసింది.

"అమ్మా, ఆరింటికి కుడి పక్కకు తిప్పినట్టు రాశావు."

"తిప్పాను. గంజి పట్టిద్దామని ఇప్పుడే వెల్లకిలా చేశాను."

"గంటన్నర కుడి చెంప మీద పడుకుంటే చెవి ఎర్రబడాలి. దిండు ముడత చెంప మీద పడాలి. నాన్న చెంప నున్నగా ఉంది." ఆమె వీపుకు ఆనించే దిండ్లను తీసి చూసింది. "ఈ గలీబులకి ఇస్త్రీ మడత కూడా చెదరలేదమ్మా."

"డ్యూటీ దిగినా తనిఖీలేనా నీకు? అక్కడ పడుకున్నది కన్నతండ్రా, కేసా?"

"వీపు ఒకసారి చూస్తాను."

"అక్కర్లేదు. ఒళ్ళు నేను కడుగుతున్నాను. నా మొగుడి ఒళ్ళు నాకు తెలీదా?" ఇల్లాలు వచ్చి మంచానికీ కూతురికీ నడుమ నిలబడింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. ఈ తల్లీకూతుళ్ళ నడుమ మాటలు సన్నగిల్లి ఏడాది దాటింది. ఉద్యోగపు ఇంటర్వ్యూలో "నర్సెందుకు అవ్వాలనుకున్నావమ్మా?" అని పెద్దలు అడిగితే, ఈ పిల్ల తడుముకోకుండా "జీతం కోసమండీ. నా కాళ్ళ మీద నేను నిలబడడానికి" అన్నది. ఆ పెద్దలలో ఒకామె పెద్ద సిస్టరుకు పాత స్నేహితురాలు. మాట ఇంటికి చేరడానికి పూట పట్టలేదు. కొత్తగా చేరిన ప్రతి నర్సు పిల్లకూ "ఇది ఉద్యోగం కాదు, నోము" అని ముప్పయ్యేళ్ళు చెప్పిన మనిషి ఆవిడ. కడుపున పుట్టినదే ఆ మాట అనడంతో ఆవిడకు తల కొట్టేసినట్లయింది.

కూతురు వాదించలేదు. తల్లి భుజం పక్కనుంచి చెయ్యి చాచి తండ్రి నుదురు తాకింది. కాలుతోంది. మణికట్టు పట్టుకుని, తన చేతి గడియారం చూస్తూ నిశ్శబ్దంగా పెదవులు కదిలించింది.

"నాడి నూట ఇరవై నాలుగు. జ్వరం ఎప్పట్నించి?"

"రాత్రి కొంచెం... మాత్ర వేశాను. తగ్గుతుంది."

"అమ్మా, అడ్డం లే."

ఆ మూడు మాటలలో గొంతు పెరగలేదు గాని, ఇల్లాలి కాళ్ళు వాటంతటవే పక్కకు జరిగాయి.

కూతురు తండ్రిని తన వైపుకు ఒరిగించింది. "వద్దే... తల్లీ..." అని మూలిగాడాయన. నడుము కింద గాజుగుడ్డ అంటించి ఉంది. నేర్పున్న చెయ్యి కట్టిన కట్టు అది. నాలుగు అంచులూ సమానంగా ఉన్నాయి. దానిని విప్పగానే గదిలో ఒక వాసన లేచింది. ఆసుపత్రిలో పనిచేసిన వాళ్ళకు ఆ వాసన పేరు చెప్పనక్కరలేదు. అరచేతి వెడల్పున పుండు. అంచులు నల్లబడ్డాయి. లోపల తెల్లగా ఏదో మెరుస్తున్నది.

మేనత్త "అయ్యో అన్నయ్యా!" అని కుర్చీలో కూలబడింది.

కూతురు కట్టు తిరిగి కప్పింది. ఫోను తీసి అంబులెన్సును పిలిచింది. చిరునామా, వయసు, నాడి, ఊపిరి, అన్నీ పాఠం అప్పజెప్పినట్లు చెప్పింది. కంట నీరు లేదు, గొంతులో వణుకు లేదు. అది చూసిన తల్లికి ఒళ్ళు మండిపోయింది.

"ఒక్క చుక్క కన్నీరైనా రాదా నీకు? రాయివా?"

"ఇరవై నిమిషాల్లో వస్తారు. నాన్న బట్టలు సర్దు."

"ఆసుపత్రికి వద్దు! నేను నయం చేస్తాను. ఇలాంటివి ఎన్ని మాన్పాను ఈ చేతుల్తో!"

"ఇది మాన్పే దశ దాటింది. విషం రక్తంలోకి ఎక్కింది. నీకూ తెలుసు."

తెలుసు. తెలియకనా! ఇల్లాలు అంతటి మనిషి గడపకు అడ్డంగా కూర్చున్నది. "ఆ వార్డులో నర్సులందరూ నేను నేర్పిన పిల్లలే. రోగికి వీపు మీద ఎర్ర మచ్చ కనిపిస్తే ఆ పిల్లల్ని ఏడిపించాను నేను. ఇప్పుడు నా ఇంట్లోనే, నా మొగుడికే... ఏ ముఖం పెట్టుకుని తీసుకెళ్ళను? నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క రోజు ఆగవే!" అని, నిజంగానే వంగి కూతురి పాదాలు పట్టుకున్నది.

కూతురు ఉలిక్కిపడి కిందికి జారి, తల్లి ఎదుట మోకాళ్ళ మీద నిలిచింది.

"ఎందుకు తిప్పలేదమ్మా? అది చెప్పు చాలు."

"ఆయన దణ్ణం పెట్టాడే." ఇల్లాలు మంచం వైపు చూసింది. "నువ్వెళ్ళిన మూడో రోజు. భుజం పీకేస్తోందని, ఉన్న ఒక్క చెయ్యీ ఎత్తి దణ్ణం పెట్టాడు. నన్ను కదల్చకే అని ఏడ్చాడు. ఈ ఒక్కసారికేలే అనుకున్నాను. మర్నాడూ ఏడ్చాడు. మీ అత్తేమో, పాపం పడుకోనీ వదినా అంది. నా చేతులు ఆడలేదు. ఎర్రబడ్డాక భయమేసింది. చిట్లాక సిగ్గేసింది. గడులు మాత్రం నింపుతూ వచ్చాను. జాలిపడ్డానే! జాలి కూడా తప్పేనా? నీలాగా జీతం కోసం చేసుంటే ఠంచనుగా తిప్పేదాన్నేమో!"

ఆ చివరి మాట అన్నది ఈసడించడానికే. అన్న మరుక్షణం తన మాట తన చెవినే పడి, ఇల్లాలు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

కూతురు తల వంచుకుని మెల్లగా అన్నది. "నాకు పదేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చింది. గుర్తుందా? నాన్న మిషను ఆపేసి తడిగుడ్డలు వేశాడు. నువ్వు వార్డులో ఎవరో ముసలాయన పోతుంటే చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. తెల్లారి వచ్చావు. నా మంచం మీదే కూర్చున్నావు. అమ్మా అంటే పలకలేదు. కోపం కాదు నీకు. నాకివ్వడానికి నీ దగ్గర ఇంకేం మిగల్లేదు. నాకు నీ పనే చెయ్యాలని ఉండేదమ్మా. కానీ ఇంటికి కాస్త మిగుల్చుకుని చెయ్యాలనుకున్నాను. అంతా అక్కడే ఒంపేసి రాకూడదనుకున్నాను. జీతం కోసమంటే ఇంకెవరూ లోపలికి తొంగి చూడరని అలా అన్నాను. నీ గురించి ఇదంతా ఆ పెద్దల ముందు చెప్పమంటావా?"

వీధిలో బండి వచ్చి ఆగిన చప్పుడయింది. ఇల్లాలు గడప మీదనుంచి లేచింది.

ఆసుపత్రిలో అత్యవసర గది. ముగ్గురు మనుషులు, ఆరు చేతులు, ఒకటే హడావిడి. సెలైన్ ఎక్కించారు. రక్తపోటు పడిపోతోంది. దర్జీ కళ్ళు మూతలు పడుతున్నాయి. కాగితం పట్టుకుని నిలబడిన నర్సు పిల్ల ఇల్లాలిని చూసి ముఖం వికసించి, "అమ్మా, మీరా!" అని, వెంటనే పుండు చూసి, కళ్ళు దించుకున్నది.

డాక్టరు అడిగాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"నిన్న... నిన్ననే కనిపించిందండీ!" అన్నది మేనత్త, వదినగారి పరువు కాపాడే తొందరలో.

నర్సు పిల్ల కలం కాగితం మీద ఆగింది. కూతురు తల్లి వైపు చూసింది. నోరు విప్పలేదు. ఆ మాట తల్లిదే. ఆమె చెప్పకపోతే తానే చెప్పక తప్పదు. అయినా మూడు ఊపిరుల సేపు ఆగింది.

ఇల్లాలికి ఆ క్షణాన తన జీవితమంతా ఆ పిల్ల చేతిలోని కాగితంలా కనబడింది. ముప్పయ్యొక్క ఏళ్ళ పేరు ఒకవైపు. మంచం మీద ఎగసిపడుతున్న రొమ్ము ఒకవైపు.

"అబద్ధం డాక్టరుగారూ" అన్నది. "పక్క తిప్పక పదకొండు రోజులు. చర్మం చిట్లి ఏడు. జ్వరం మూడు రోజులనుంచి ఉంది, రాత్రినుంచని మా అమ్మాయికి కూడా అబద్ధం చెప్పాను. ఇంట్లో ఉన్న పాత మందు ఐదు రోజులు వేశాను, అది పనిచెయ్యలేదు. తిప్పానని చార్టులో దొంగ సంతకాలు పెట్టాను. రాసుకో తల్లీ, అన్నీ రాసుకో."

నర్సు పిల్ల అంతా రాసింది.

డాక్టరు ఆ కాగితం లాక్కుని ముందు తాను చెప్పి రాయించిన మందు కొట్టేశాడు. వేరేది రాశాడు. శస్త్రచికిత్స గదికి ఫోను చేశాడు. స్ట్రెచరు కదులుతుండగా, "ఆ ఐదు రోజుల మందు సంగతి చెప్పకపోయుంటే నేనూ అదే ఎక్కించి రేపటిదాకా చూస్తూ కూర్చునేవాణ్ణి" అని మాత్రం అన్నాడు.

తలుపులు మూసుకున్నాయి. బయట బల్ల మీద తల్లీకూతుళ్ళు ఇద్దరూ కూర్చున్నారు. తల్లి అన్నది.

"నేనెందుకు నర్సునయ్యానో తెలుసా నీకు?"

"తెలుసు. దేవుడు పిలిచాడని చెప్తుంటావుగా."

"దేవుడు పిలవలేదే. ఆకలి పిలిచింది. ఆ నర్సుల బడిలో చేరితే మూడు పూటలా అన్నం, పడుకోవడానికి మంచం ఇస్తారని చేరాను. మొదటి ఏడాదంతా అసహ్యంతో ఏడ్చాను. తిప్పు, కడుగు, రాయి. అంతే నేర్పారు. తిప్పగా తిప్పగా, కడగ్గా కడగ్గా, ఎప్పుడో జాలి పుట్టింది. అది పుట్టాక ముందరి సంగతి చెప్పుకోవడానికి సిగ్గేసింది. నీ మాటకి నాకు కోపమెందుకొచ్చిందో తెలుసా? అది నా మాటే కనుక."

కూతురు బల్ల మీద కాస్త తల్లి వైపుకు జరిగింది.

మధ్యాహ్నం దాటాక దర్జీని వార్డుకు తెచ్చారు. కుళ్ళిన భాగం కోసేశారు. రక్తపోటు కొద్దిగా నిలదొక్కుకుంది గాని, "ఇంకా రెండు రోజులు గడవాలి, నేనేమీ చెప్పలేను" అన్నాడు డాక్టరు. నాలుగు గంటలకు పక్క తిప్పవలసి వచ్చింది. వార్డులో చేతులు చాలలేదు. ఇల్లాలు తానే లేచి భర్త భుజం కింద చెయ్యి దూర్చింది. కూతురు తుంటి పట్టుకున్నది.

ఆయన కళ్ళు తెరిచాడు. ఎడమచెయ్యి వణుకుతూ పైకి లేచింది. మళ్ళీ అదే దండం. "వద్దే... నీకు... పుణ్యముంటుంది..."

ఇల్లాలి కన్నీళ్ళు ఆయన చొక్కా మీద రాలాయి. చేతులు మాత్రం ఆగలేదు. "పుణ్యం నాకొద్దండీ. మీరు కావాలి. తిట్టుకోండి, ఎంతైనా తిట్టుకోండి" అంటూ తిప్పింది.

ఆయన కెవ్వున అరిచాడు. రొప్పాడు. ఆనక గోడ వైపు ముఖంతో, ముద్దమాటతో అన్నాడు. "నువ్వు... నర్సువి కావే... రాక్షసివి."

"అవునండీ. మీ రాక్షసినే" అన్నది ఇల్లాలు, వీపుకు దిండు ఆనిస్తూ.

అప్పుడు వినిపించిందామెకు వెనుకనుంచి ఒక వెక్కిళ్ళ చప్పుడు. తిరిగి చూసింది. మంచం కమ్మీ రెండు చేతులా పట్టుకుని, పదేళ్ళ పిల్లలా ఏడుస్తున్నది కూతురు. ఇల్లాలు వెళ్ళి ఆ తలను తన పొట్టకు హత్తుకున్నది. ఎంతసేపు పట్టుకున్నదో ఆమె లెక్క చూడలేదు. ఆ పూట ఆమె మరెవరి మంచం వైపూ పోలేదు.

ఈ కథ విన్నవారికీ, చదివినవారికీ, చదివి వినిపించినవారికీ వైద్యనాథుడు ఆరోగ్యమిచ్చుగాక! పడకనున్న వారికి తిప్పే చెయ్యి దొరుకుగాక! తిప్పే చేతులకు బలమూ, వాటికోసం ఇంటివద్ద ఎదురుచూసే పిల్లలకు వాటి స్పర్శా దక్కుగాక! సర్వే జనాః సుఖినో భవంతు.